వార్షిక నివేదిక 2024–25: వేగం మాటలు పోగుచేసిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నెలవారీ సమావేశాలు జరిగాయి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి, సెప్టెంబరు 9న కాళోజీ గారి జయంతి ఎప్పటిలాగే జరుపుకున్నాం. వాటి వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. పిల్లల ఆదివారం తరగతి దసరా, సంక్రాంతి సెలవుల్లో తప్ప ఆగలేదు. ఆ తరగతిని నడిపిస్తున్న విశ్రాంత తెలుగు మాస్టారు గారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటుంది. అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం ఫిబ్రవరి 21 శుక్రవారం వచ్చింది. ఉద్యోగస్తుల వీలు కోసం కార్యక్రమాన్ని 23వ తేదీ ఆదివారం ఉదయానికి మార్చాం. వేగంగా కదలడాన్ని చెప్పే తెలుగు మాటలను సేకరించడం, ఏ మాట ఉన్నదున్నట్టు వాడుతున్నాం, ఏ మాటను పోలికగా వాడుతున్నాం అని వేరుచేయడం ఆ రోజు పెట్టుకున్న పని. ఈ అంశం ఎందుకని కమిటీలోనే కొందరు అడిగారు. మన కాలనీలో శ్రీకాకుళం వాళ్లు, కడప వాళ్లు, వరంగల్ వాళ్లు, కోనసీమ వాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటున్నారు. ఒకరు ‘బేగి రా’ అంటే, ఒకరు ‘బిరీన రా’ అంటారు, ఇంకొకరు ‘జల్ది రా’ అంటారు. మన పిల్లలకు వీటిలో ఒక్కటీ రాదు, వాళ్లకు తెలిసింది ‘ఫాస్ట్‌గా రా’ ఒక్కటే. అంశం ఎంచుకోవడానికి ఈ కారణం చాలు.

ఉదయం పది గంటలకు మొదలుపెట్టాం. ముందు పిల్లలు తెలిసిన మాటలు బోర్డు మీద రాశారు. పరుగు, ఉరుకు, దూకు, చకచకా, గబగబా దాకా వచ్చి ఆగిపోయారు. తరువాత పెద్దవాళ్లు అందుకున్నారు. గాలీ బాణమూ రివ్వున పోతాయి, పిట్ట తుర్రున ఎగురుతుంది, లేగదూడ చెంగున గెంతుతుంది, బండి రయ్యిమని పోతుంది. కదిలేది మారితే మాటా మారాల్సిందే. లేగదూడ రివ్వున గెంతిందంటే ఎవరి చెవికైనా తప్పని తెలుస్తుంది. పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పి ఉండలేదు, కానీ వినగానే పట్టుకున్నారు.

వరంగల్ నుంచి వచ్చిన అమ్మగారు ‘ఉరుకు’ గురించి చెప్పినప్పుడు కోస్తా సభ్యులు శ్రద్ధగా విన్నారు. వాళ్ల వైపు ఉరకడమంటే మామూలుగా పరుగెత్తడమే. బడికి ఉరికిండు, బస్సు వెంట ఉరికిండు అంటారు. దూకడానికి ‘దుంకు’ వేరే ఉంది. కోస్తాలో ‘ఉరుకు’ ఒంటరిగా అంతగా వినబడదు, ‘ఉరుకులు పరుగులు’ అనే జంటలోనో, ‘ఉత్సాహం ఉరకలేసింది’ అనే పోలికలోనో మిగిలింది. అంటే ఒక ప్రాంతంలో రోజూ కాళ్లతో చేసే పని, మరో ప్రాంతంలో మనసు మాత్రమే చేసే పని అయింది.

జట్కా తోలిన ఇంట పుట్టిన పెద్దాయన ఒకరు మన సభ్యులు. ఆయన పావుగంట మాట్లాడితే హాలంతా నిశ్శబ్దంగా వింది. కదం అంటే అడుగు లెక్క తప్పని నడక, దౌడు అంటే పూర్తి పరుగు, రెంటినీ అదుపులో ఉంచేది కళ్లెం అని చెప్పారు. ఇప్పుడు మన వీధుల్లో గుర్రాలు లేవు. ఆ మాటలు మాత్రం రోజూ పేపర్లో ఉన్నాయి. కార్మికులు కదం తొక్కుతారు, ధరలకు కళ్లెం వేయాలని నాయకులు అడుగుతారు. ఎడ్లబండి నుంచి వచ్చిన పగ్గాలు పార్టీ అధ్యక్షుల చేతికి వెళ్లాయి. ముకుతాడు కూడా అంతే. మోటారు బండి వచ్చాక వీటి పక్కనే బ్రేకులూ గేర్లూ చేరాయి. ప్రాజెక్టుకు బ్రేకులు పడతాయి, ప్రచారం గేరు మారుస్తుంది. కోనసీమ సభ్యురాలు ఇంకో సంగతి గుర్తుచేశారు. వరద గోదావరి గురించి రాసేటప్పుడు పరవళ్లు ‘తొక్కుతోంది’ అంటాం. కాళ్లు లేని నదికి కాళ్లతో చేసే పని ఇచ్చాం. అదే ఏటి నీళ్ల జోరును చెప్పే ఉరవడిని మాత్రం మనుషుల మాటలకూ రాతలకూ ఇచ్చాం.

మాస్టారు గారు ‘పారు’ అనే ఒక్క మాట మీద అరగంట తీసుకున్నారు. నీళ్లు పారతాయి, నీటిపారుదల శాఖ ఉంది, దొంగ పారిపోతాడు, చూపు పారినంత మేర అంటాం, పాచిక పారిందంటాం. పాత తెలుగులో దీన్ని బండి ఱ తో ‘పాఱు’ అని రాసేవారు, పరుగెత్తడం దాని అర్థాల్లో ఒకటి. ‘పారిపోవు’లో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. పిల్లలకు ‘పాచిక పారలేదు’ అంటే ఎత్తు ఫలించలేదని తెలుసు, పాచిక అనే వస్తువును మాత్రం చూడలేదు. ఆ రోజు మాస్టారు గారు పాచికలు తెచ్చి పిల్లల చేత వేయించారు. ఇలాంటి పాఠం మన సంఘం తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక బాధ కలిగించిన సంగతి కూడా రాయాలి. ఆ రోజే మధ్యాహ్నం రెండున్నరకు దుబాయ్‌లో భారత్–పాకిస్తాన్ మ్యాచ్ ఉంది. మన కార్యక్రమం ఒంటిగంటకే ముగుస్తుందని ముందే చెప్పాం. అయినా ఉదయం తొమ్మిదికల్లా వచ్చి కుర్చీలు వేస్తామన్న యువ సభ్యుల్లో చాలామంది రాలేదు, ఫోన్లు ఎత్తలేదు. డెబ్బై దాటిన పెద్దలు కుర్చీలు మోశారు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడం మాట ఇచ్చినట్టే అవుతుంది. ఆ మాట నిలబెట్టుకోవాలని కార్యదర్శిగా గట్టిగా కోరుతున్నాను. ప్రభుత్వ హాలు కోసం నవంబరులో పెట్టిన అర్జీకి ఈ రోజు వరకు జవాబు రాలేదు. సంబంధిత కార్యాలయంలో మూడు టేబుళ్ల మధ్య ఫైలు తిరుగుతోందని మాత్రం చెప్పారు. చివరికి అపార్ట్‌మెంట్ సెల్లారులో షామియానా కట్టి కార్యక్రమం జరిపాం. ఆఖరి రెండు రోజులు పడిన టెన్షన్ కమిటీకే తెలుసు.

మ్యాచ్ వల్ల ఒక మేలు కూడా జరిగింది. మరుసటి ఆదివారం తరగతికి పిల్లలు సోమవారం నాటి పేపర్ కత్తిరింపులు తెచ్చారు. 242 లక్ష్యాన్ని భారత్ నాలుగు వికెట్లకే అందుకుంది, కోహ్లి 100తో అజేయంగా నిలిచాడు. గెలుపూ అతని సెంచరీ ఒకే ఫోర్‌తో వచ్చాయి. ఏడో తరగతి పాప లేచి, ఆ నాలుగు పరుగుల కోసం ఎవరూ పరుగెత్తలేదు కదా, మరి వాటిని పరుగులని ఎందుకంటాం అని అడిగింది. క్రికెట్లో పరుగు మొదట నిజంగా పరుగే, బంతి గీత దాటాక అది లెక్క అయింది. అదే మ్యాచ్‌లో కోహ్లి వన్డేల్లో అతి వేగంగా 14 వేల పరుగులు చేసినవాడయ్యాడు. ఇక్కడ వేగాన్ని గడియారంతో కొలవలేదు, ఇన్నింగ్స్‌తో కొలిచారు. అతనికి 287 ఇన్నింగ్స్ పట్టాయి, సచిన్‌కు 350 పట్టాయి. పరుగు, వేగం రెండూ అసలు అర్థం వదిలి ఒకే వాక్యంలో నిలబడ్డాయని ఆ పాప ప్రశ్న వల్ల అందరికీ అర్థమైంది.

బిజినెస్ పేజీ కత్తిరింపుల్లోనూ ఇలాంటిదే కనబడింది. అప్పటికి పది గ్రాముల మేలిమి బంగారం 87 వేలు దాటింది. బంగారం పరుగు తీసింది, దూసుకెళ్లింది, ధరకు రెక్కలొచ్చాయి. తగ్గినప్పుడు మాత్రం దిగొచ్చింది, నేలచూపులు చూసింది. పిల్లలు తెచ్చిన వాటిలో ధర కిందికి పరుగెత్తిన వాక్యం ఒక్కటీ లేదు. నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ‘దూసుకెళ్లు’ను పేపర్లూ టీవీలూ మరీ అరగదీశాయి. కారూ, షేరూ, హీరో సినిమా, ఎన్నికల్లో పార్టీ అన్నీ దూసుకెళ్తున్నాయి. ఆకు దూయడం, కత్తి దూయడం తెలిసినవాడికి ఆ మాటలో ఒరుసుకుపోయే పదును వినిపిస్తుంది. అందుకే పోలికతో పాటు అసలు పనిని కూడా పిల్లలకు చూపించాలని మన సంఘం పట్టుదల.

సేకరించిన మాటలను ప్రాంతాలవారీగా, వాడే సందర్భంతో సహా చిన్న పుస్తకంగా వేయాలని కమిటీ తీర్మానించింది. తారీఖు ఇంకా చెప్పలేం. ఉత్తరాంధ్ర, రాయలసీమ జాబితాలు తెస్తామని తీసుకున్నవారు ఇంకా తేలేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ గారి సంతకం అయింది. అప్పు లేదు, మిగులు స్వల్పం. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు ఈ రోజే కోశాధికారి గారికి కట్టాలని మనవి.

ప్రతి నిర్ణయంలో వెన్నంటి ఉన్న అధ్యక్షులు గారికి, లెక్కలు పైసాతో సహా చూసిన కోశాధికారి గారికి, సెల్లారు ఇచ్చిన అపార్ట్‌మెంట్ వాసులకు, కరపత్రాలు అడిగిన రోజే అచ్చువేసి ఇచ్చిన ప్రెస్ వారికి, పులిహోర, మజ్జిగ చేసి తెచ్చిన మహిళా సభ్యులకు, జట్కా పెద్దాయన గారికి, వరంగల్ అమ్మగారికి, కోనసీమ సభ్యురాలికి, కత్తిరింపులు తెచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ పేరుపేరునా ధన్యవాదాలు. కుర్చీలు మోసిన పెద్దలకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

పుస్తకం కోసం మీ ఇంట్లో, మీ ఊళ్లో వాడే వేగం మాటలను, వాడిన వాక్యంతో సహా, జూన్ నెలాఖరులోగా సహాయ కార్యదర్శి గారికి రాసి ఇవ్వండి. ఏ ఊరి మాటో తప్పక రాయాలి.

ఇట్లు,
కార్యదర్శి