హైపర్‌లూప్: సంతకాలు కాదు, లెక్కలు పంచుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

గాలిని దాదాపుగా తోడేసిన గొట్టంలో ప్రయాణికుల పెట్టె (పాడ్) మహా వేగంగా దూసుకెళ్లే రవాణాయే హైపర్‌లూప్. అమరావతి–విజయవాడ హైపర్‌లూప్ కోసం 2017 సెప్టెంబరులో మన రాష్ట్ర ఆర్థికాభివృద్ధి మండలి అమెరికా సంస్థ హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. గంటకు పైగా పట్టే ప్రయాణం ఆరు నిమిషాల్లో ముగుస్తుందన్నారు. ఒక్క గొట్టమూ పడలేదు. ముంబై–పుణే మార్గానికి ముందుకొచ్చిన హైపర్‌లూప్ వన్ అయితే 2023 చివర్లో మూతే పడింది. దేశాలు ఇచ్చిపుచ్చుకోవాల్సింది పరీక్షల లెక్కలు. ముందుగా ఎండ లెక్క.

ఉక్కు మీటరు పొడవుకు, డిగ్రీ వేడికి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. చెన్నై దగ్గరి తైయూర్‌లో ఐఐటీ మద్రాస్ వేసిన 422 మీటర్ల హైపర్‌లూప్ పరీక్షా ట్రాక్ అంత పొడవున్న ఉక్కు గొట్టాన్ని స్వేచ్ఛగా వదిలితే 40 డిగ్రీల తేడాకు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. వంద కిలోమీటర్లకు 48 మీటర్లు! ఆ సాగుదలకు బెల్లోలు (ముడతలతో సాగి ముడుచుకునే అతుకులు) పెట్టాలి. బెల్లో ఉన్నచోటల్లా గాలి చొరబడే దారి ఉన్నట్టే. పైగా ఎండకు పైభాగమే ఎక్కువ కాలి గొట్టం విల్లులా పైకి వంగుతుంది. అంత వేగంలో పాడ్‌కు మిల్లీమీటర్ల తేడా కూడా కుదుపే.

లోపల పీడనం 100 పాస్కళ్లు, అంటే బయటి గాలిలో వెయ్యో వంతు ఉండాలనుకుందాం. వెల్డింగులో చదరపు మిల్లీమీటరు రంధ్రం మిగిలితే సెకనుకు 0.2 లీటరు గాలి దూరుతుంది. లోపల అదే వెయ్యి రెట్లు ఉబ్బి 200 లీటర్లవుతుంది. అదంతా పంపులు నిరంతరం తోడాల్సిందే. గొట్టం బిగించిన రోజు లీకు లేకపోవడం గొప్ప కాదు, రెండు వేసవులు గడిచాక ఎంతుందన్నదే అసలు పరీక్ష.

నెదర్లాండ్స్‌లోని వీండమ్‌లో 2024లో తెరిచిన 420 మీటర్ల హైపర్‌లూప్ పరీక్షా కేంద్రంలో ప్రధాన గొట్టం నుంచి పక్కకు దారి మళ్లే పాయ ఉంది. మన దగ్గర మండుటెండ ఉంది. వాళ్ల పాయ అనుభవం మనకు, మన వేసవి లీకుల రికార్డు వాళ్లకు అక్కరకొస్తాయి.

హైపర్‌లూప్ ప్రమాణాల కోసం యూరప్ 2020లోనే జేటీసీ-20 అనే ఉమ్మడి కమిటీ వేసుకుంది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దానితో ఇప్పుడే కలిసి పనిచేయాలి. గొట్టం వ్యాసం, పీడనం, తలుపుల సీళ్లు, ప్రమాదంలో గాలి నింపే వాల్వులు దేశానికో తీరుగా ఉంటే ఒకరి పాడ్ మరొకరి గొట్టంలో నడవదు. మీటరు గేజిని బ్రాడ్‌గేజిగా మార్చే పని రైల్వే 1992లో పెద్దఎత్తున చేపట్టి ఎన్నేళ్లు మోసిందో చూశాం.

ఇకపై ఏ విదేశీ ఒప్పందంలోనైనా ఒక షరతు ఉండాలి: ఏడాది పొడవునా గంటగంటకూ గొట్టం ఉష్ణోగ్రత, లోపలి పీడనం, పంపులు వాడిన కరెంటు ఇరుపక్షాలకూ అందుబాటులో పెట్టాలి. ఆ లెక్కలు చేతికొచ్చాకే ఏ ఊరి నుంచి ఏ ఊరికన్నది తేల్చాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ