మంచు పడకముందే పైకప్పు సంగతి చూసుకోండి

మిన్నెసోటాలో సొంత ఇళ్లున్న సభ్యులందరికీ నమస్కారం.

గత చలికాలంలో మా పడకగది గోడ మీద తడి మరక కనిపించినప్పుడు షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) పాడయ్యాయనుకున్నాను గానీ, అసలు కారణం అటకలోకి చేరుతున్న ఇంటి వేడి. ఆ వేడికి కప్పు మీది మంచు అడుగు నుంచి కరిగి, ఆ నీరు చల్లగా ఉండే చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి అడ్డుకట్టలా నిలుస్తుంది. దాని వెనక చేరిన నీరు షింగిల్స్ కిందికి పాకి ఇంట్లోకి దిగుతుంది.

కొత్త కప్పు వేయించేవారు, చూరు అంచు నుంచి బయటి గోడ దాటి కనీసం 24 అంగుళాలు లోపలి వరకు, షింగిల్స్ కింద అంటుకునే వాటర్‌ప్రూఫ్ పొర వేయాలని ఒప్పందంలో రాయించుకోండి. అయితే ఆ పొర నీటిని ఆపుతుందే తప్ప గడ్డకట్టడాన్ని ఆపదు. అందుకే ముందుగా అటకలో లైట్లు, పైపులు, స్నానాలగది ఫ్యాన్ల చుట్టూ ఉన్న సందులు మూయించి, ఆ తర్వాతే ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) పెంచండి. అది చూరు కింది గాలి రంధ్రాలను కప్పేయకుండా చూడటం చాలా ముఖ్యం.

గడ్డకట్టాక గొడ్డలితో కొట్టవద్దు, రాతి ఉప్పు చల్లవద్దు. మంచు పడిన ప్రతిసారీ నేల మీదే నిలబడి, పొడవాటి పిడికి పలక బిగించిన రూఫ్ రేక్‌తో చూరు దగ్గరున్న మంచును కిందికి లాగెయ్యండి. దయచేసి ఎవరూ నిచ్చెన ఎక్కవద్దు.