సెప్టెంబరు 17ని పరేడ్ గ్రౌండ్స్ నుంచి పరకాలకు తీసుకెళ్లండి

సంపాదకుడు గారికి,

1948లో నిజాం సైన్యం లొంగిపోయి హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 ఏటా దగ్గర పడుతోందంటే చాలు, ఆ రోజుని ఏమని పిలవాలన్న దాని మీద మీ పేపర్‌తో సహా అన్ని పేపర్లలోనూ ఒకటే గొడవ. విమోచనమా, విలీనమా, సమైక్యతా, విద్రోహమా? 2022లో ఒకే నగరంలో రెండు చోట్ల రెండు ప్రభుత్వాలు జెండా ఎగరేశాయి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినం అంది, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. ప్రభుత్వం మారాక 2024లో అదే పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రజాపాలన దినోత్సవం అయింది. వచ్చే ఎన్నికల తర్వాత ఇంకే పేరు పెడతారో!

నాయకుల్ని తిట్టడం తేలికే గానీ, ఇది పూర్తిగా వాళ్లు పుట్టించిన తగాదా అంటే నేను ఒప్పుకోను. ఆ రోజు అందరికీ ఒకే రకంగా రాలేదు, అసలు చిక్కంతా అక్కడుంది. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో సంబరాలు చేసుకుంటుంటే ఇక్కడ హైదరాబాద్ సంస్థానంలో స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. రెండు వారాలు దాటాక, సెప్టెంబరు 2న, పరకాలలో జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిపారు. నిజాం సైన్యం లొంగిపోవడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది, ఆ మధ్యలోనే, 1948 ఆగస్టు 27న, బురుజెక్కి కాపలా కాసుకున్న బైరాన్‌పల్లి జనాన్ని నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి వరసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో రజాకార్లను ఎదిరించి రాసినందుకు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో చంపేశారు. దీన్ని హిందూ ముస్లిం కథగా చెప్పేవాళ్లు ఆయన్ని ఎక్కడ పెడతారో నాకు అర్థం కాదు.

మరి కమ్యూనిస్టుల సంగతి? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయింది భూస్వామి విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో. కమ్యూనిస్టులు నడిపిన ఆ రైతాంగ సాయుధ పోరాటం సెప్టెంబరు 17తో ఆగలేదు, 1951 అక్టోబరు దాకా భారత సైన్యంతోనూ నడిచింది. ఇక నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చెప్పిన లెక్క చూస్తే, పోలీసు చర్య, అంటే భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చిన సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆ ఇళ్లలో ఈ రోజును పండగ అనమంటే ఎలా అంటారు?

సర్కారుకీ మొదటి నుంచీ ఇబ్బందే. 1948లో ఓడిపోయిన నిజామే 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నరు లాంటి పదవి. ఆయన కుర్చీలో ఉండగా ఆయన్ని ఓడించిన రోజుకి ఉత్సవం ఎవరు చేస్తారు? ఆ తర్వాత నవంబరు 1 వచ్చింది, ఆంధ్రప్రదేశ్ అవతరణ పేరుతో దీన్ని పక్కన పెట్టేశారు. 2014 తర్వాత మనకి జూన్ 2 దొరికింది, అది మన కళ్ల ముందు జరిగింది కాబట్టి దాని మీద పెద్దగా పేచీ లేదు.

పక్క రాష్ట్రాలను చూసి నేర్చుకోమని కొందరు రాస్తుంటారు. నిజమే, మహారాష్ట్రలో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, కర్ణాటకలో కల్యాణ కర్ణాటక ఉత్సవం, ముఖ్యమంత్రులు వెళ్లి జెండా ఎగరేస్తారు, అయిపోతుంది. కానీ సుందర్‌లాల్ కమిటీ ఎక్కువ దారుణం జరిగిందన్న ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ నాలుగూ ఆ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. పేరు మీద పేచీ లేకపోతే చాలదు, అక్కడ ఏం జరిగిందో కూడా మాట్లాడుకోవాలి కదా.

అందుకని నాది చిన్న కోరిక. పేరేదైనా పెట్టుకోండి, ప్రధాన కార్యక్రమాన్ని మాత్రం హైదరాబాద్ నుంచి బయటికి తీయండి. ఒక ఏడు పరకాల, ఒక ఏడు బైరాన్‌పల్లి బురుజు దగ్గర, ఇంకో ఏడు కడవెండి. అక్కడ పథకాల జాబితా చదవకుండా ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల పేర్లు చదవండి. సుందర్‌లాల్ నివేదికను తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రభుత్వమే అచ్చేసి హైస్కూళ్లకు పంపాలి, పిల్లలు తట్టుకోలేరేమో అనే భయం అక్కర్లేదు, ఫోన్లలో వాట్సాప్‌లో ఇంతకంటే ఘోరమైనవి, అవీ సగం అబద్ధాలు, రోజూ చూస్తూనే ఉన్నారు.

మీ పత్రికకూ ఒక మాట. సెప్టెంబరు రెండో వారంలో పేరు మీద చర్చకు మీరిచ్చే పేజీలో సగం ఈసారి జిల్లా విలేకరులకు ఇవ్వండి. ఆ ఊళ్లలో పెద్దవాళ్ల మాటలు విన్న కొడుకులు, కోడళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సిద్దిపేట