లైవ్ సైట్ మీద టెస్ట్ డేటాబేస్ ఎక్కించకండి

సంపాదకులకు నమస్కారం.

పచ్చళ్ల దుకాణం మొదలు చేనేత సంఘం దాకా ఇప్పుడు చాలామందికి సొంత అమ్మకాల సైట్ ఉంటోంది. వాటిలో ఎన్నో వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దానికి అమ్మకాల సదుపాయం చేర్చేది) పెట్టి కట్టినవే. సైట్‌కు కొత్త రూపు ఇచ్చిన మర్నాడే 'ఆర్డర్లు కనబడటం లేదు' అన్న గోల మొదలవుతుంది. డబ్బు ఖాతాలో పడి ఉంటుంది, ఆర్డర్ ఉండదు. యజమానికి 'సర్వర్ సమస్య' అని చెబుతారు. నిజానికి సర్వర్‌కు ఏమీ కాదు. వారం కిందట తీసుకున్న కాపీలో, అంటే టెస్ట్ సైట్‌లో, మార్పులు చేసి, దాని డేటాబేస్‌ను (సైట్ సమాచారమంతా దాచే చోటు) మొత్తంగా లైవ్ మీద, అంటే జనం వాడుతున్న అసలు సైట్ మీద, ఎక్కించేస్తారు. ఆ వారంలో వచ్చిన ఆర్డర్లు, కొత్త ఖాతాలు, స్టాకు లెక్కలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

సైట్ల నిర్వహణే వృత్తిగా ఉన్నవాళ్లం కాబట్టి గట్టిగా చెబుతున్నాం: కోడ్ టెస్ట్ నుంచి లైవ్‌కు వెళ్లాలి, డేటా మాత్రం లైవ్ నుంచి టెస్ట్‌కే రావాలి. రెండోది ఎదురు దిశలో నడిచిందంటే నష్టం తప్పదు.

'కొత్త పేజీలున్న టేబుల్ (డేటాబేస్‌లోని పట్టిక) ఒక్కటే పంపితే సరిపోదా?' అని అడుగుతుంటారు. సరిపోదు. కాపీ తీసిన రోజు ఆ టేబుల్‌లో చివరి నంబరు 5200 అనుకుందాం. టెస్ట్‌లో చేసిన కొత్త పేజీకి 5201 వస్తుంది. అదే రోజు లైవ్‌లో ఎవరో ఆవకాయ కొంటే ఆ ఆర్డర్‌కూ 5201 వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీలు, ఫొటోలు, ఉత్పత్తులు, ఆర్డర్లు ఒకే వరుసలో నంబర్లు తీసుకుంటాయి మరి. టేబుల్ మార్చగానే ఆర్డర్ పోయి ఆ స్థానంలో పేజీ కూర్చుంటుంది. వూకామర్స్ కొత్త పద్ధతిలో ఆర్డర్లకు వేరే టేబుళ్లున్నా, నంబరు కోసం పాత టేబుల్‌లో ఒక వరుస పట్టి ఉంచుతారు కనుక ఢీకొట్టడం తప్పదు.

అందుకే థీమ్ (సైట్ రూపు), సొంత ప్లగిన్లు (అదనపు సదుపాయాల కోడ్) గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ద్వారా పంపాలి. సెట్టింగులు, కొత్త పేజీలు టెస్ట్‌లో చేత్తో చేసి వదిలేయకుండా, డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్‌ను టైపు చేసిన ఆదేశాలతో నడిపే సాధనం) ఆదేశాలుగా ఒక స్క్రిప్ట్‌లో రాసుకోవాలి. అప్పుడు అదే స్క్రిప్ట్ లైవ్‌లో నడుస్తుంది, అక్కడి నంబర్లు అక్కడే పుడతాయి. పంపే ముందు లైవ్‌లో గిట్ స్టేటస్ (ఏ ఫైళ్లు మారాయో చూపే ఆదేశం) చూడటం మరవకూడదు. ఎవరో ఎఫ్‌టీపీలో (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) నేరుగా చేసిన దిద్దుబాటు అక్కడ బయటపడుతుంది. చూడకపోతే అది కొత్త కోడ్ కింద పోతుంది.

లైవ్ నుంచి దించుకున్న కాపీలో సైట్ చిరునామాను టెస్ట్ చిరునామాగా మార్చడంలో ఇంకో గోతి ఉంది. ప్లగిన్లు, విడ్జెట్లు తమ సెట్టింగులను దాచేటప్పుడు చిరునామా పక్కనే దాని పొడవును కూడా రాసిపెడతాయి. 24 అక్షరాల చిరునామా తీసి 19 అక్షరాలది పెడితే, పక్కనున్న 24 అలాగే ఉండిపోతుంది. పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) లెక్క కుదరక ఆ సెట్టింగ్‌ను మొత్తంగా వదిలేస్తుంది, సైడ్‌బార్ ఖాళీ అయిపోతుంది. డంప్ ఫైల్‌ను (డేటాబేస్ మొత్తాన్ని రాసిపెట్టిన ఫైల్) ఎడిటర్‌లో తెరిచి మార్చేవాళ్లకు జరిగేది ఇదే. డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ ఈ పొడవులనూ సరిచేస్తుంది. ముందు డ్రై-రన్ (నిజంగా మార్చకుండా చూపే పద్ధతి) పెట్టి ఎన్నిచోట్ల మారుతుందో చూసుకోవాలి.

లైవ్‌లో నడిపే ముందు, అక్కడి నుంచి తాజా కాపీ దించుకుని దాని మీద స్క్రిప్ట్‌ను ఒకసారి పూర్తిగా నడపాలి. దించుకోగానే ఆ కాపీలో మెయిళ్లు, ఎస్ఎంఎస్‌లు ఆపాలి, పేమెంట్ కీలను టెస్ట్ మోడ్‌కు మార్చాలి, కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు చెరిపేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోలేం.

అర్ధరాత్రి చేస్తే ఎవరూ ఉండరనే లెక్క మన సైట్లకు పనికిరాదు. ఇక్కడ తెల్లవారుజామున 2 గంటలైతే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు సాయంత్రం, మన పచ్చళ్లు తెప్పించుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. గత నెల ఆర్డర్లను గంటలవారీగా చూసి సమయం ఎంచుకోవాలి. మెయింటెనెన్స్ పేజీ పెట్టి ఉంచినంతసేపు గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు జరిపే సేవ) పంపే చెల్లింపు నిర్ధారణ కూడా లోపలికి రాదు. చాలా గేట్‌వేలు మళ్లీ పంపుతాయి, అయినా పని అయ్యాక ఆ సమయానికి గేట్‌వే చిట్టాను ఆర్డర్లతో ఒక్కొక్కటిగా సరిచూడాల్సిందే.

డేటాబేస్‌లో కాలమ్ (టేబుల్‌లోని నిలువు గడి) పేరు మార్చాలంటే ఒక్కరోజులో మార్చొద్దు. కొత్త కాలమ్ చేర్చి, కోడ్ రెండింటిలోనూ రాసేలా చేసి, పాత వరుసలను వెయ్యేసి చొప్పున నింపి, చదవడం కొత్తదానికి మార్చాలి. పాతదాన్ని మరో విడతలో తీసేయాలి. కోడ్‌ను వెనక్కి తిప్పవచ్చు, తీసేసిన కాలమ్‌ను తిప్పలేం.

ఇక బ్యాకప్. మైఎస్‌క్యూఎల్ (వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్) డంప్‌కు సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇవ్వకపోతే అది ముగిసేదాకా టేబుళ్లకు తాళం పడి ఆర్డర్లు ఆగుతాయి. తీసిన బ్యాకప్‌ను వేరేచోట ఎక్కించి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే సేవ) ఒక ఇంజినీర్ వేరే సర్వర్ అనుకుని ప్రధాన డేటాబేస్ ఫోల్డర్‌ను తొలగించారు. రోజూ తీస్తున్నారనుకున్న డంపులు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వచ్చాయని అప్పుడే తెలిసింది. సుమారు ఆరు గంటల ముందు తీసిన మరో కాపీ ఉండబట్టి మిగతాది దక్కింది. అంత పెద్ద సంస్థకే ఆ పరిస్థితి వచ్చింది.

సైట్ పని అప్పగించే సంఘాలు, కళాశాలలు, దుకాణదారులు ఒప్పందంలో రెండు విషయాలు రాయించుకోవాలని మా విన్నపం: లైవ్ డేటాబేస్‌ను టెస్ట్ కాపీతో మార్చకూడదు, ప్రతి మార్పుకు ముందు తీసిన బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూపించాకే పని మొదలుపెట్టాలి.

— వెబ్‌సైట్ల నిర్వహణలో పనిచేసే కొందరం