మార్చిలో మెత్తబడిన యాపిల్స్ గురించి మా కస్టమర్లకు

ఈ మధ్య మా దగ్గర యాపిల్స్ కొన్నవాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు. పైకి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, కొరికితే పిండిలా ఉన్నాయి అని. ఒక పెద్దావిడ మనవడి కోసం రెండు కిలోలు తీసుకెళ్లి, మర్నాడే వెనక్కి తెచ్చారు. ఆమె ముందు కోసి చూస్తే నాకే సిగ్గేసింది. తప్పు తోటవాళ్లది కాదు, కోల్డ్ స్టోరేజీది కాదు. మాది.

అవి కాశ్మీర్ డెలీషియస్ కాయలు, సెప్టెంబరు చివర్లో కోసినవి. ఆరు నెలలు నిలవ ఉంటే పాడవవా అని కొందరు అడిగారు. సరిగ్గా ఉంచితే పాడవవు. కోసిన తర్వాత కూడా యాపిల్ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. అక్కడి సీఏ స్టోరేజీ (లోపలి గాలిని అదుపులో ఉంచే కోల్డ్ స్టోరేజీ) గదుల్లో చలి సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంచి, మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను రెండు మూడు శాతానికి తగ్గిస్తారు. దాంతో కాయ దాదాపు నిద్రపోతుంది.

గది తెరిచాక మన చేతికి వచ్చిన కాయను ఆ నిద్రలోనే ఉంచాలి. మేం ఉంచలేదు. రంజాన్ గిరాకీ ఉంటుందని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి ఒకేసారి 60 పెట్టెలు దింపాం. మా కోల్డ్ రూమ్‌లో 25 మాత్రమే పడతాయి. మిగతావి నాలుగు రోజులు వెనక రేకుల షెడ్డులో, అరటి గెలల పక్కనే ఉన్నాయి. ఎండ వేడి ఒకటి, అరటి వదిలే ఇథిలీన్, అంటే కాయను పండించే వాయువు, ఇంకొకటి. ఈ రెండింటితో కాయలోని కణాలను జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోతుంది. అప్పుడు కొరికితే కణాలు పగిలి రసం రాదు, ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. నాలుకకు పిండిలా తగిలేది అందుకే. తర్వాత ఎంత చల్లబెట్టినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. మైనం పూతే కారణమని కొందరు అనుకున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మెత్తబడినవన్నీ జ్యూస్ షాపులకు ఇచ్చేశాం. మీకు అలాంటివి వచ్చి ఉంటే బిల్లు లేకపోయినా డబ్బు తిరిగి తీసుకోండి, మొహమాటపడకండి.

ఇకపై వారానికి రెండుసార్లు, 25 పెట్టెలకు మించకుండా తెస్తాం. ఆటో ఖర్చు పెరిగి కిలోకి పది రూపాయలు ఎక్కువ పడుతుంది, అది ముందే చెబుతున్నాను. గట్టిదనం కొలిచే చిన్న పరికరం కూడా కొన్నాం. తొక్క చెక్కి గుజ్జులోకి నొక్కితే ఎన్ని పౌండ్ల బలం పట్టిందో చూపిస్తుంది. ప్రతి లోడులో నాలుగు కాయలు మీ ముందే నొక్కి చూపిస్తాం. 12 కంటే తక్కువ వస్తే ఆ లోడు అమ్మం.

ఇంటికి తీసుకెళ్లాక బల్ల మీద బుట్టలో ఉంచకండి. చిల్లులున్న కవర్లో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి, అరటిపండ్లకు దూరంగా.

మే నెలలో వచ్చే కాయ ఈ పరీక్షకు నిలబడకపోతే కొత్త పంట వచ్చేదాకా మా షాపులో యాపిల్ ఉండదు. మామిడి ఉంటుంది.