ఆన్‌లైన్ బడా, ఇంటి చదువా? ఫీజు కట్టే ముందు ఒక మాట

అందరికీ నమస్తే. హన్మకొండ, కాజీపేట నుంచి చాలామంది పిల్లల్ని ఆన్‌లైన్ బడిలో వేయాలా, ఇంట్లోనే చదివించాలా అని అడుగుతున్నారు, అందుకే ఒక్కచోట రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పదో తరగతి పరీక్ష ఏ బోర్డు నుంచి రాయిస్తారు? ఆన్‌లైన్ బడి వాళ్లు 'సీబీఎస్ఈ సిలబస్' అంటే గుర్తింపు ఉందని కాదు. అఫిలియేషన్ నంబరు (బోర్డు ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి, సీబీఎస్ఈ సైట్‌లో మీరే చూడండి. నంబరు చెప్పకుండా మాట దాటేస్తే ఫీజు కట్టకండి.

ఇంట్లో చదివే పిల్లలకు ఎన్ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) లేదా మన తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. పదికి 14 ఏళ్లు నిండాలి, కనీసం 5 సబ్జెక్టులు తీసుకోవాలి. ఎన్ఐఓఎస్‌లో రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది, తెలుగు మీడియం కూడా ఉంది. చాలామందికి చిక్కు వచ్చేది పేరు దగ్గరే. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే అప్లికేషన్ ఆగిపోవచ్చు. అది ఇప్పుడే సరిచేయించండి.

పుస్తకాలకు వేలు పోయక్కర్లేదు. రాష్ట్ర సిలబస్ (ఎస్‌సీఈఆర్‌టీ) పుస్తకాలు, సీబీఎస్ఈ సిలబస్ (ఎన్‌సీఈఆర్‌టీ) పుస్తకాలు నెట్‌లో ఉచితం, రాష్ట్ర ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-శాట్ విద్య పాఠాలూ అంతే. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు పొద్దున 40 నిమిషాలు లెక్కలు, తర్వాత పైకి చదివించడం, చేత్తో రాయించడం. అర, పావు చెప్పడానికి జొన్నరొట్టెను నాలుగు ముక్కలు చేసి చూపించండి, వీడియో కన్నా తొందరగా అర్థమవుతుంది.

ఇద్దరూ డ్యూటీకి పోయే ఇంట్లో మాత్రం ఇంటి చదువు మూడో వారానికే ఆగిపోతుంది. పగలు పక్కన కూర్చునే పెద్దవాళ్లు లేకపోతే మామూలు బడే నయం.