ఆ బడి తలుపులు తెరిపించండి

ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. యాత్రికురాలిగా అఫ్గానిస్థాన్‌లోని హెరాత్ నగర వీధుల్లో తిరిగాను. పొద్దున్నే పుస్తకాల సంచులతో బడికి పరుగెత్తే చిన్నపిల్లలు కనిపించారు. వాళ్ల అక్కలు కనిపించలేదు. తాలిబన్లు అధికారం చేపట్టిన 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు అక్కడ చదువు లేదు. 2022 మార్చి 23న బడికి రమ్మని, వచ్చినవాళ్లను ఆ ఉదయమే వెనక్కి పంపారు. అదే ఏడాది డిసెంబరులో ఆడవాళ్లకు విశ్వవిద్యాలయాలు మూసుకున్నాయి. 2024 డిసెంబరులో వాళ్లకు నర్సింగ్, మంత్రసాని శిక్షణ కూడా ఆగింది. మరి రేపు ఆ తల్లులకు పురుడు పోసేదెవరు? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే ఒప్పందాన్ని అఫ్గానిస్థాన్ 2003లోనే ఆమోదించింది. అయినా ఐక్యరాజ్యసమితి 2024లో ఖతార్ రాజధాని దోహాలో జరిపిన సమావేశంలో తాలిబన్లతో జరిగిన ప్రధాన చర్చలకు అఫ్గాన్ మహిళలను దూరంగా ఉంచారు. అది తప్పు. ఇకపై వాళ్లు లేకుండా చర్చలు జరపకండి. బాలికల చదువునే మొదట మాట్లాడండి.

ఇట్లు,
ఒక యాత్రికురాలు